మూడు ముక్కల మనవి

ఇవాంజెలిన్ గారికి బీపీ లేదు, షుగర్ లేదు, అరవై దాటినా మోకాళ్ళ నొప్పులు కూడా లేవు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎదుటివాళ్ళ సంగతి మొదలూ తుదీ తెలియకపోతే ఆవిడకి అన్నం సహించదు. బల్కంపేటలో వాళ్ళ సందులో ఎవరింటి ముందు ఆటో ఆగినా ఆవిడ కిటికీ తెర కాస్త పక్కకి జరుగుతుంది. ఎవరు దిగారు, ఎన్నాళ్ళకి వచ్చారు, మొహాలు ఎందుకలా ఉన్నాయి, ఇవన్నీ సాయంత్రానికి తెలిసిపోవాలి. "మా ఆవిడ మంచిదే, చెవులే కాస్త పెద్దవి" అని భర్త బతికుండగా నలుగురిలో అనేవారు. ఆవిడ కోపం తెచ్చుకునేది కాదు, అందులో అబద్ధమేముంది?

అలాంటి మనిషిని తీసుకెళ్ళి గొలుసు ప్రార్థనలో కూర్చోబెట్టారు. గొలుసు ప్రార్థనంటే మరేం కాదు. కష్టంలో ఉన్నవాళ్ళు చర్చి నంబరుకి ఒక మెసేజ్ పెడతారు. సంఘంలోని అక్కచెల్లెళ్ళు పూటకి ముగ్గురు చొప్పున వంతులు వేసుకుని, వచ్చిన ప్రతి మనవి కోసం మోకరించి ప్రార్థన చేస్తారు. ఆ నంబరు చర్చి గోడ మీద ఉంది, అమీర్‌పేట, పంజాగుట్టల్లో తిరిగే ఆటోల వెనక స్టిక్కర్ల మీదా ఉంది. మెసేజ్ పెట్టడానికి క్రైస్తవులే అయి ఉండనక్కర్లేదు. కష్టానికి మతమేమిటి?

మొదట్లో ఆ నంబరు ఒక బటన్ల ఫోనులో ఉండేది, ఆ ఫోను పాస్టరుగారి సొరుగులో ఉండేది. ఎవరికి తీరిక దొరికితే వాళ్ళు తీసి చదివేవారు. పరీక్షల కోసం వచ్చిన మనవికి ఫలితాలు వచ్చాక ప్రార్థన చేసిన రోజులూ ఉన్నాయి. అది చూసి జాలిపడి ఫ్రెడ్డీ ఒక ఉపాయం చేశాడు. ఫ్రెడ్డీ అదే సంఘం కుర్రాడు, పెళ్ళయి ఒక బిడ్డకి తండ్రయినా ఇవాంజెలిన్ గారికి కుర్రాడే. అమీర్‌పేటలో ఇంటర్నెట్ ఫోన్ల కంపెనీలో పని చేస్తాడు. ఆ సిమ్ము తీసి సబ్బుపెట్టెంత డబ్బాలో పెట్టి, దాన్ని నెట్‌కి తగిలించాడు.

"చూడుండ్రి ఆంటీ, వాళ్ళు పంపేది మామూలు ఎస్సెమ్మెస్. మీ ఫోన్ల ఉన్నది ఇంటర్నెట్ ఫోన్ యాప్. రెంటికీ ఒకదాని భాష ఒకదానికి రాదు. మన డబ్బా నడుమ ఉండి ఇటుదటు, అటుదిటు మారుస్తది. వంతెన అన్నట్టు," అని చెప్పాడు.

మెసేజ్ రాగానే డబ్బా దాన్ని వంతులో ఉన్న ముగ్గురిలో ఒకరికి పంపుతుంది. తర్వాత వచ్చింది రెండోవారికి, ఆ తర్వాతది మూడోవారికి. వాళ్ళు ఫోన్‌లో జవాబు రాస్తే అది మళ్ళీ మామూలు మెసేజ్‌గా మారి చర్చి నంబరు మీదనే వెళుతుంది. అడిగినవాళ్ళ నంబరు మాత్రం ఎవరికీ కనిపించదు. ఆ షరతు పాస్టరుగారిది. పేరడగకూడదు, ఊరడగకూడదు, మనవిని మరొకరితో చర్చించకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా సలహా ఇవ్వకూడదు. ప్రార్థన చేసి బైబిల్లోంచి ఒక వాగ్దాన వచనం పంపాలి, అంతే. ఈ షరతులు చదువుతున్నప్పుడు పాస్టరుగారు అందరినీ చూస్తున్నట్టే ఉండి ఇవాంజెలిన్ గారినే చూశారు.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ వంతు. ఫోను మోగింది. తెర మీద ఇలా ఉంది:

"సాయంత్రం లోపల సంతకం పెట్టాలె. పెట్టాల్నా వద్దా దేవుణ్ణి అడిగి చెప్పుండ్రి."

ముందూ లేదు వెనకా లేదు. ఇవాంజెలిన్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఏం సంతకం? ఎవరు పెట్టమంటున్నారు? సాయంత్రమే ఎందుకు? వచ్చే మనవుల్లో సగం ఆస్తి తగాదాలే కాబట్టి ఆవిడ మనసు తిన్నగా అటే పోయింది. ఎవరో అమాయకురాలిని కూర్చోబెట్టి, అన్నదమ్ములు చుట్టూ నిలబడి, కాగితాలు ముందుకి తోస్తున్నట్టు కళ్ళకి కట్టింది. పెద్ద అన్న మీసాలతో సహా కనిపించాడు. ఆవిడ మోకరించింది, కానీ ప్రార్థన కుదురుగా సాగలేదు. లేచి, షరతులన్నీ గట్టున పెట్టి జవాబు రాసింది.

"వద్దమ్మా. తొందరపడి సంతకం పెట్టొద్దు."

రాశాక అది మరీ చప్పగా అనిపించింది. పులుసులో చివర ఇంగువ వేసినట్టు ఇంకో మాట చేర్చింది. "దేవుడు వద్దంటున్నాడు." పంపేసింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆవిడకి అదే ధ్యాస. పెట్టిందా, పెట్టలేదా? ఆ ఇల్లు నిలిచిందా? చెవిలో జోరీగలా ఆ సంతకం ఒకటే రొద. అడగడానికి వీల్లేదు, చెప్పుకోడానికి వీల్లేదు. కడుపు ఉబ్బిపోయింది.

శుక్రవారం ఉపవాస కూడిక. పొద్దున్న మొదలైన పాటలూ ప్రార్థనలూ ఒంటిగంట దాటాక ముగిశాయి. అందరూ నిమ్మరసం గ్లాసులు పట్టుకుని చర్చి వరండాలో కూర్చున్నారు. ఇవాంజెలిన్ గారి పక్కన కమలకుమారి, ఎదురుగా నవోమి. మంగళవారం వంతు వాళ్ళ ముగ్గురిదే. కమలకుమారి ఆవిడ ఈడుదే, ఒకే ఊరి మనిషి కూడా. నవోమి బ్యాంకులో పని చేసే పిల్ల, ఈ కూడిక కోసం ఇవాళ సెలవు పెట్టింది.

"పేర్లు చెప్పకూడదన్నారు గానీ, పేరు తెలిస్తేగా మనం చెప్పడానికి," అంటూ ఇవాంజెలిన్ గారు గొంతు తగ్గించింది. "మంగళవారం నాకొక విచిత్రమైన మనవి వచ్చింది. సంతకం పెట్టాలా వద్దా అని. మొదలే లేదు దానికి."

నవోమి గ్లాసు కింద పెట్టింది. "మొదలు లేదా? నాకు వచ్చినదానికీ లేదు ఆంటీ. పైగా చివర సుత లేదు. లవ్ మ్యారేజ్ కేసేమో అనుకున్న."

"నాకొచ్చినదానికి చివర లేదే!" అంది కమలకుమారి.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షరతు గుర్తుంది, కానీ అప్పటికే మూడు ఫోన్లూ సంచుల్లోంచి బయటికి వచ్చేశాయి. వాటిని వరండా గట్టు మీద వరసగా పెట్టారు. కమలకుమారి ఫోన్‌లో ఇలా ఉంది: "అమ్మగారు, మా నాయిన కాలు తీసెయ్యాలంటున్నరు. లేకుంటే పానం పోతదంట. ఆయన". నవోమి ఫోన్‌లో: "వద్దంటున్నడు. తండ్రి మాట ఇనాల్నా వద్దా నాకేం సమజైతలేదు. శుక్రవారం". ఆ పక్కన ఇవాంజెలిన్ గారిది: "సాయంత్రం లోపల సంతకం పెట్టాలె."

నవోమి వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా ఒక్క గుక్కలో చదివింది. ముగ్గురు మనుషులనుకుని ముగ్గురు ప్రార్థించినది ఒక్క మనిషి కోసం. శుక్రవారం సాయంత్రమంటే ఎప్పుడో గడిచిన సాయంత్రం కాదు, ఇవాళ రాబోయేది.

"నువ్వేం జవాబిచ్చావు?" అని ఇవాంజెలిన్ గారు కమలకుమారిని అడిగింది.

"పాదం జారనివ్వడన్న వాగ్దానం పంపాను వదినా. కాలికి సరిపోతుందని."

"నువ్వు?"

"తండ్రిని గౌరవించాలి, ఆయన మాట వినమని రాసిన," అంది నవోమి.

ఇవాంజెలిన్ గారు తను రాసింది చెప్పలేదు. ఫోను వాళ్ళ వైపు తిప్పింది. అప్పుడు కమలకుమారికి మరొకటి గుర్తొచ్చింది. మంగళవారం మధ్యాహ్నమే తన ఫోనుకి ఇంకో పొట్టి మెసేజ్ వచ్చింది, పొరపాటున వచ్చిందేమో అనుకుని వదిలేసింది. వెతికి తీసింది. "సరే అమ్మా. పెట్టను."

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. మూడు నోళ్ళతో ఒకే నంబరు మీదినుంచి దేవుడి పేరు చెప్పి, ఒక మనిషిని చావుకి వదిలెయ్యమని చెప్పేశారు. మిగతా ఇద్దరూ తెలియక చేశారు. దేవుడి నోట్లో మాట పెట్టింది మాత్రం తనే. వెంటనే రాసెయ్యబోయింది గానీ నవోమి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగుండ్రి ఆంటీ. మనం రాసేది గూడ గిట్లనే ముక్కలై పోతే?"

ఫ్రెడ్డీకి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. ఇవాంజెలిన్ గారు చెప్పులు వేసుకుని, ఉపవాసం సంగతి మరిచిపోయి, బల్కంపేటనుంచి అమీర్‌పేటకి ఎండలో నడిచింది. కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పంచేవాళ్ళు దారి పొడుగునా చేతిలో కాగితాలు పెట్టారు, జావా అని ఒకడు, క్లౌడ్ అని ఒకడు. మైత్రీవనం వెనక సందులో ఫ్రెడ్డీ ఆఫీసు. ఆవిడ అద్దాల గది తలుపు తోసుకుని లోపలికే వెళ్ళిపోయింది.

"ఒరేయ్ ఫ్రెడ్డీ, నీ వంతెన కూలిందిరా."

సంగతి విని అతను లాప్‌టాప్ తెరిచాడు. చూస్తూ చూస్తూ తల పట్టుకున్నాడు. "ఒక్కటే నంబర్ ఆంటీ. మూడు ముక్కలూ ఒక్క మెసేజే."

"ముక్కలెందుకయింది? కత్తి పెట్టి కోసినట్టు?"

"ఎస్సెమ్మెస్ అంటే చిన్న కవరు. ఇంగ్లీషుల అయితే నూటఅరవై అక్షరాలు పడ్తయి. తెలుగు అక్షరానికి జాగా ఎక్కువ కావాలె, డెబ్బై దాటితే పట్టదు. గుణింతాలు, ఒత్తులు సుత లెక్కే. అందుకని ఫోను రెండు మూడు కవర్లు చేసి పంపిస్తది. అందుకున్న ఫోను మళ్ళ జోడిస్తది, మనకు తెల్వనే తెల్వదు. మన డబ్బా గూడ మొత్తం వచ్చేదాంక ఆగి జోడించాలె. నేను జోడించమని చెప్పలే. ఏ కవరుకు ఆ కవరు ఒక్కొక్కరికి పంచింది."

"మరి పని చేస్తోందని నువ్వే కదరా చెప్పావు? చూశానన్నావు?"

ఫ్రెడ్డీ నేల చూపులు చూశాడు. "టెస్ట్ చేసిన ఆంటీ. ఇంగ్లీషుల చేసిన. 'ప్రెయిజ్ ద లార్డ్, టెస్టింగ్' అని."

తెలుగు చర్చికి, తెలుగు మనవులకి, తెలుగులో ఒక్కసారీ చూడలేదు. మరో రోజయితే ఇవాంజెలిన్ గారు అతన్ని ఉతికి ఆరేసేది. ఇవాళ ఆ అర్హత తనకి లేదని తెలుసు. ముక్క మొదలు లేకుండా వచ్చిందని డబ్బాకి తెలియదు, తనకి తెలుసు. తెలిసీ జవాబు రాసింది.

నంబరు ఇమ్మంటే ఫ్రెడ్డీ నసిగాడు. పాస్టరుగారికి మాట ఇచ్చాడు మరి. చివరికి తనే తన ఫోన్‌తో కొట్టాడు. రింగయింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు. ఊళ్ళో మోసపు ఫోన్లు ఎక్కువయ్యాక కొత్త నంబరు ఎవరెత్తుతారు?

"చర్చి నంబర్ నుంచి మెసేజ్ పోతేనే నమ్ముతరు ఆంటీ. కానీ పొయ్యే దిక్కు గూడ నాకు భరోసా లేదు. ఒక్క కవరుల పట్టేటట్టు రాయుండ్రి."

ఇవాంజెలిన్ గారు జీవితంలో దేన్నీ క్లుప్తంగా చెప్పిన మనిషి కాదు. మొదట 'ప్రభువునందు ప్రియమైన' అని మొదలుపెట్టింది, సగం కవరు దానికే సరిపోయింది. చెరిపేసింది. జరిగిన పొరపాటంతా వివరించబోయింది. చెరిపేసింది. 'సంతకం పెట్టు' అని రాసి, ఆ మాట చూసి భయపడి అదీ చెరిపేసింది. మంగళవారం వద్దన్న దేవుడు శుక్రవారం పెట్టమంటే ఆ పిల్ల ఏమనుకోవాలి? అయినా పెట్టమనడానికి తనెవరు? ఆఖరికి మిగిలింది ఇది:

"పెట్టవద్దన్నది దేవుడు కాదు. నేను. సగమే చదివాను. ఎక్కడున్నావు తల్లీ?"

ఫ్రెడ్డీ లెక్కపెట్టాడు. పడుతుందన్నాడు. "చర్చి నంబర్ మీద గిట్ల పంపితే పాస్టర్ గారు ఏమంటరో," అని గొణిగాడు.

"ఏమన్నా అననీ. ఆయన ముందు నేను నిలబడతాను," అని ఆవిడే పంపింది.

జవాబు కోసం చూసిన ఆ కాసేపూ ఆవిడ ఏ ప్రార్థనా చేయలేకపోయింది. ఫోను మోగింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి పేరు, మూడో అంతస్తు. "తొందరగ రండి. డాక్టర్ అయిదింటికి వస్తడు. సుకన్య."

సుకన్యకి పాతికేళ్ళుంటాయి. మూడో అంతస్తు మెట్ల దగ్గరే నిలబడి ఉంది, చేతిలో ఫోను, కళ్ళు వాచిపోయి. ఇవాంజెలిన్ గారు దండం పెట్టబోతే ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"మూడు జవాబులు వచ్చినయి నాకు. మూడూ వద్దనే చెప్పినయి. నేను మా నాయినకు సదివి వినిపించిన. మస్తు ఖుషీ అయిండు. దేవుడే వద్దన్నడు గద, ఇగ నువ్వు ఊకో అన్నడు. మూడు దినాల సంది డాక్టర్ల కాడ మేము మొండికేసి కూసున్నం. జ్వరం ఎక్కుతనే ఉన్నది. ఇప్పుడొచ్చి వద్దన్నది దేవుడు కాదు, మీరే అంటరా?"

"నేనేనమ్మా. తిట్టు, పడతాను. కానీ ముందు మీ నాన్నగారికి నిజం చెప్పనీ," అంది ఇవాంజెలిన్ గారు.

బాలనర్సయ్య కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆటో నడుపుతున్న మనిషి, ఆయన ఆటో వెనక ఆ స్టిక్కరు ఉంది. షుగర్‌తో ఎడమ పాదం పాడయి, విషం పైకెక్కుతోంది. మోకాలి కిందికి తీసేస్తే మనిషి దక్కుతాడని డాక్టర్లు అంటున్నారు. జ్వరానికి మొహం ఎర్రగా ఉన్నా చూపు సూటిగా ఉంది.

"చర్చి అమ్మవా? దేవుడు పంపిండా?"

"లేదండీ. దేవుడి పేరు చెప్పి నేనే రాశాను. మీ అమ్మాయి రాసింది సగమే నాకు చేరింది. ఆస్తి కాగితాలనుకున్నాను."

ఆయన ఆవిడ వైపు చూశాడు. కోపం కంటే కూడా చేతిలో ఉన్నది ఎవరో లాక్కున్నట్టు ఉంది ఆ చూపు.

"మరి దేవుడు ఏమంటుండు?"

"నాకు తెలీదు."

ఆ మాట అనడం ఆవిడకి అలవాటు లేదు. అన్నాక గుండె కొంచెం తేలికపడింది. ఇక వెళ్ళిపోవచ్చు, నిజం చెప్పడమైపోయింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"నర్సయ్యగారూ, మీరెందుకు వద్దంటున్నారు?"

"ఎందుకేంది, నా కాలు నా ఇష్టం."

"ఆటో నడపలేననా?"

"ఆటో ఎట్లైన అమ్ముదమనే అనుకున్నం."

"నొప్పికి భయమా?"

ఆయన నవ్వాడు. "గిప్పుడు తక్కువున్నదా నొప్పి?"

"మరేంటండీ? మీరు చెప్పకపోతే నాకివాళ నిద్రపట్టదు," అంది. అందులో నాటకం ఏమీ లేదు, నిజంగానే పట్టదు. ఆ సంగతి ఆయనకీ అర్థమైనట్టుంది. తలుపు వైపు, కూతురి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"తీసినంక గా కాలు ఏం జేస్తరు?"

ఇవాంజెలిన్ గారు ఇన్నేళ్ళలో ఎందరి జబ్బుల కోసమో ప్రార్థించింది, ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. అవును, ఏం చేస్తారు?

"మా ఆమెను ఎర్రగడ్డ కాడ మా వాళ్ళ బొందలగడ్డల పూడ్చినం. ఆమె పక్కన జాగ ఉంచుకున్న. నన్ను ఆడ పెడ్తరు. కాలు ఏ మోర్లనో, ఏ చెత్త కుప్పలనో కుక్కలు గుంజుతుంటె, నేను సగం మనిషినై ఆమె తానకు ఎట్ల పోవాలె? పోతే మొత్తంగనే పోత."

సుకన్య మంచం కమ్మీ పట్టుకుని వంగింది. "గీ మాట నాకెందుకు చెప్పలే నాయినా?"

"నువ్వు అడిగినవా బిడ్డా? డాక్టర్లను అడిగినవ్, చుట్టాలను అడిగినవ్, దేవుణ్ణి సుత అడిగినవ్. నన్ను ఎందుకని అడగలే. పెట్టు పెట్టు అన్నవు."

ఇవాంజెలిన్ గారు అప్పటికే లేచి బయటికి నడిచింది. నర్సుల బల్ల దగ్గర నిలబడి, పక్కవాళ్ళు తిరిగి చూసేలా అడిగేసింది. నర్సు విసుక్కోలేదు, కొంచెం ఆశ్చర్యపోయింది. ఇంటివాళ్ళు అడిగి రాసిస్తే వాళ్ళకే ఇస్తామనీ, తీసుకెళ్ళి పూడ్చుకోవచ్చనీ, అడగకపోతేనే ఆసుపత్రివాళ్ళు పద్ధతి ప్రకారం కాల్చేస్తారనీ చెప్పింది. చెత్తలో వెయ్యరు. ఇవాంజెలిన్ గారు ఆ మాట మరోసారి చెప్పించుకుని, నర్సు చెయ్యి పట్టుకుని మంచం దాకా లాక్కొచ్చి, ఆయన ముందు మూడోసారి చెప్పించింది.

బాలనర్సయ్య నర్సు మాట పూర్తిగా విన్నాడు. "ఆమె ఎడమ దిక్కు పెట్టుండ్రి. జర లోతు తవ్వమని చెప్పు," అన్నాడు కూతురితో. తర్వాత చెయ్యి చాపాడు. "కాయితం తే."

కూతురి సంతకం అవసరం లేకపోయింది. ఆయనే పెట్టాడు, పేరు మొత్తం.

అయిదున్నరకి లోపలికి తీసుకెళ్ళారు. కమలకుమారీ నవోమీ కూడా వచ్చి చేరారు. నలుగురూ వరసగా బల్ల మీద కూర్చున్నారు. సుకన్య వాళ్ళతో ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. ఎర్రగడ్డలో మేనమామకి ఫోన్ చేసి గుంత తవ్వించమంది. చీకటి పడబోతుండగా డాక్టరు వచ్చి, మనిషికి గండం గడిచినట్టేనన్నాడు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది, ఇవాంజెలిన్ గారి భుజం మీద కాదు, గోడకి తల ఆన్చి. అంత తొందరగా క్షమించమని అడిగే మొహం ఇవాంజెలిన్ గారికీ లేదు.

తర్వాత వార్డుబాయ్ ఒకతను తెల్లగుడ్డలో చుట్టి, పైన కవరు కట్టినది పట్టుకొచ్చాడు. "బాలనర్సయ్య తాలూకు ఎవరు?"

సుకన్య లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతులు లేవలేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగి, ఆ సాయంత్రం మొదటిసారిగా, ఇవాంజెలిన్ గారి మొహంలోకి చూసింది.

ఇవాంజెలిన్ గారు వెళ్ళి రెండు చేతులూ చాపింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. గుడ్డ మీదినుంచి ఇంకా కొంచెం వెచ్చగా తగులుతోంది. దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని, "పద తల్లీ, మెల్లగా దిగుదాం," అంది.